బావ అనుకుని ముక్కూమొహం తెలియని ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఇది జబ్బా? ఆయన మళ్ళీ ఎదురుపడితే ఏం చెప్పాలి?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి కొత్తగా చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ఈయన రోజూ విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి గుంటూరు ఆఫీసుకి వెళ్తారు. పోయిన వారం ప్లాట్‌ఫాం మీద ఒకాయన్ని వెనక నుంచి చూసి చెల్లెలి భర్త అనుకున్నారు. భుజం మీద చెయ్యి వేసి "ఏం బావా, చెప్పకుండా వచ్చేశావ్?" అన్నారు. ఆయన తిరిగితే ఎవరో. పక్కనే ఉన్న ఆయన భార్య నవ్వేసింది. ఈయన ఏమీ అనకుండా, ఫోన్ వచ్చినట్టు నటిస్తూ పక్కకి జారుకున్నారు. మర్నాడు, ఆ తర్వాతి రోజు అదే మనిషి అదే బస్సు దగ్గర కనిపించాడు. దాంతో ఈయన అరగంట ముందు బస్సుకి మారిపోయారు. ఏడాదిలో ఇలా జరగడం మూడోసారట. జ్ఞాపకశక్తి తగ్గుతోందా అన్నది ఒక ప్రశ్న, ఆ మనిషి మళ్ళీ కనిపిస్తే ఏం చెయ్యాలన్నది రెండోది.

జవాబు ముందే చెప్పేస్తాను. మీరు రాసినదాంట్లో జబ్బు ఆనవాలు ఒక్కటీ లేదు. రెండోదానికి, రేపటి నుంచి పాత బస్సుకే వెళ్ళండి. ఆయన కనిపిస్తే దగ్గరికి వెళ్ళి "మొన్న మిమ్మల్ని మా బావ అనుకున్నానండీ, ఏమీ అనుకోకండి" అని ఒక్క మాట చెప్పి మీ సీట్లో మీరు కూర్చోండి. మిమ్మల్ని వారం రోజులుగా తినేస్తున్నది ఆ ఫోన్ నటన. భుజం మీద చెయ్యి వెయ్యడం ఒక క్షణంలో అయిపోయింది, నటన మాత్రం ఇంకా సాగుతోంది. బస్సు మారడం కూడా అందులో భాగమే.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. చాలాకాలం ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో పనిచేసి, ఇప్పుడు సొంతంగా చూస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టలేకపోతున్నామని వచ్చేవాళ్ళని, తెలియనివాళ్ళు తెలిసినవాళ్ళలా కనిపిస్తున్నారని వచ్చేవాళ్ళని ఇద్దరినీ చూశాను. కింద చెప్పే మనుషుల వివరాలు మార్చాను, జరిగినవి మాత్రం అవే.

ఇదెందుకు జరుగుతుందంటే, మనిషిని గుర్తుపట్టడానికి మెదడు ముఖమంతా పరిశీలించదు. అంత తీరిక దానికి లేదు. నడక, భుజాల వాలు, బట్టతల ఎంతదాకా వచ్చింది, చొక్కా రంగు, చేతిలో బ్యాగు, వీటిలో రెండో మూడో కలిస్తే చాలు, పేరు నోటిదాకా తెచ్చేస్తుంది. ఎన్ని కలవాలన్నది ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎవరి కోసమైనా ఎదురుచూస్తుంటే ఆ లెక్క బాగా సడలిపోతుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి "మా బావ వస్తాడు, నీలం చొక్కా, ఆపకుండా పైకి పంపు" అని చెప్పి వెళ్తే నీలం చొక్కా వేసుకున్న ప్రతివాడినీ పంపేస్తాడు చూడండి, అలాగ.

మీ ప్రశ్న చివర్లో ఒక వాక్యం ఉంది, చాలామంది దాన్ని దాటేసి ఉంటారు. చెల్లెల్ని తీసుకెళ్ళడానికి బావగారు ఆ వారంలోనే వస్తానన్నారని రాశారు. అంటే వాచ్‌మన్‌కి మీరు ముందే చెప్పి ఉంచారన్నమాట. మిగతా రెండు సార్లూ ఎక్కడ? ఒకటి క్లాస్‌మేట్ పెళ్ళిలో, ఇంకోటి దుర్గగుడి క్యూలో, ఊరివాళ్ళు వచ్చారని తెలిశాక. మూడు చోట్లా తెలిసినవాళ్ళు తగలాల్సిన సందర్భమే. మీరు ఏ మార్చురీ ముందో, వేరే రాష్ట్రంలో రైలు దిగుతూనో ఇలా పొరబడి ఉంటే నేను ఇంకో రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి.

ఇది ఎంత మామూలో చెప్పడానికి ఒక పాత అధ్యయనం ఉంది. 1985లో యంగ్, హే, ఎల్లిస్ అనే ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు 22 మందికి డైరీలు ఇచ్చి, కొన్ని వారాల పాటు మనుషుల్ని గుర్తుపట్టడంలో జరిగిన ప్రతి తడబాటూ రాసుకోమన్నారు. వెయ్యికి పైగా పోగయ్యాయి! అందులో పెద్ద వాటా ఒకరిని ఇంకొకరనుకోవడమే. ఆ 22 మందీ మామూలు మనుషులు, రోగులు కారు. మీరు ఏడాదికి మూడు అంటున్నారు. నిజానికి ఇంకా ఎక్కువే జరిగి ఉంటాయి. నోరు తెరవకముందే సర్దుకున్నవి ఎవరికీ గుర్తుండవు.

ఇంకో సంగతి. మన బాధంతా బాగా తెలిసినవాళ్ళతో కాదు, సగం తెలిసినవాళ్ళతో. 2011లో రాబ్ జెంకిన్స్ అనే సైకాలజిస్టు బృందం ఒక చిన్న ప్రయోగం చేసింది. ఇద్దరు డచ్ సెలెబ్రిటీల ఫోటోలు, మొత్తం 40, కలిపేసి ఇచ్చి ఎవరి ఫోటోలు వాళ్ళవి విడివిడి కుప్పలుగా పెట్టమన్నారు. ఆ ఇద్దరూ తెలిసిన డచ్ వాళ్ళు తేలిగ్గా రెండు కుప్పలు పెట్టేశారు. వాళ్ళెవరో తెలియని బ్రిటిష్ వాళ్ళు ఏడెనిమిది, తొమ్మిది కుప్పలు పెట్టారు. అంటే పరిచయం లేనప్పుడు ఇద్దరు మనుషులు ఏడెనిమిది మందిలా కనిపిస్తారు. తిరగేసి చూస్తే, లీలగా తెలిసిన మనిషికి బదులు ఎవరైనా ఆ చోట ఇమిడిపోతారు.

పైగా, కొత్త ముఖాన్ని మనం ఎక్కువగా జుట్టుతో, తల ఆకారంతో గుర్తుపెట్టుకుంటాం. బాగా తెలిసిన ముఖానికి కళ్ళూ ముక్కూ నోరూ చాలు. ఇంట్లోవాళ్ళు తిరుమల వెళ్ళి గుండుతో తిరిగొచ్చినా మనం తడుముకోం. ఆఫీసులో నెల క్రితం చేరిన కుర్రాడు గుండుతో వస్తే మాత్రం "ఎవరు కావాలండీ" అంటాం. ఆధార్ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి పెళ్ళిలో పట్టుచీరలో ఎదురైతే, ఎక్కడో చూశామని తెలుస్తుంది, ఎక్కడో మాత్రం తెలియదు. 1980లో జార్జ్ మాండ్లర్ అనే సైకాలజిస్టు దీనికి మాంసం కొట్టు యజమాని బస్సులో కనిపించిన ఉదాహరణ ఇచ్చాడు. తెలిసిన ముఖమే అన్న భావన ఒకచోట పుడుతుంది, ఎవరు, ఎక్కడ అన్నది ఇంకోచోట నుంచి రావాలి. మొదటిది వచ్చి రెండోది ఆలస్యమైతే మనం ఊరుకోం కదా, దగ్గర్లో ఉన్న పేరేదో అంటించేస్తాం.

మీది బావగారి కేసు కాబట్టి ఇదంతా పూర్తిగా వర్తించదు. ఆయన మీకు బాగా తెలుసు. మీరు అసలు ముఖమే చూడలేదు, అంతే. వెనక నుంచి పిలవండి, ముట్టుకోకండి. నలభై ఏళ్ళ మగవాళ్ళలో సగం మంది వెనక నుంచి ఒకేలా ఉంటారు.

సరే, పొరబడ్డాక ఏం చెయ్యాలి?

చెయ్యి వెంటనే తియ్యాలి. వెనక్కి ఒక అడుగు. "సారీ అండీ, మా బావ అనుకున్నాను." ఒక చిన్న నవ్వు. కదలడం. ఇంతకన్నా ఏం లేదు. ఇందులో నేను ముఖ్యమనుకునేది ఒక్కటుంది, దాన్ని జనం వదిలేస్తుంటారు. మనం పొరబడేటప్పుడు చనువుగా పొరబడతాం. "ఏరా", "ఏమే", "ఏం బావా" అంటూ వీపు మీద ఒకటి వేస్తాం. అవతలి మనిషి గాయపడితే అక్కడ గాయపడతాడు. తనని ఇంకెవరో అనుకున్నందుకు ఎవరూ కోప్పడరు. పదిమందిలో, భార్య పక్కన ఉండగా, ఊరూ పేరూ తెలియనివాడు "ఏరా" అన్నందుకు కోప్పడతారు. కాబట్టి ఆ తీసేసుకున్న గౌరవాన్ని తిరిగి ఇవ్వాలి. "అండీ" వినపడాలి, "మిమ్మల్ని" అన్నది వినపడాలి. మౌనంగా జారుకుంటే ఆ "ఏరా" అలాగే గాలిలో ఉండిపోతుంది. పెద్దాయన అయితే చేతులు జోడించినా తప్పులేదు.

కారణం ఒక్క ముక్క చాలు. కొంతమంది కంగారులో ఫోన్ తీసి, బావ ఫోటో వెతికి, "చూడండి సార్, అచ్చం మీలాగే ఉంటాడు" అని నిరూపించడానికి దిగుతారు. అవతల మన కోస్తా పెద్దమనిషి అయి, బస్సుకి ఇంకా టైముంటే ఇది బాగానే నడుస్తుంది. "మీదే ఊరు" దగ్గర మొదలై ఐదు నిమిషాల్లో ఎక్కడో ఒక చుట్టరికం తేలుతుంది. ఆ టైపు మనిషి కాకపోతే మాత్రం ఆయన చేసిన తప్పేమీ లేకుండా కోర్టులో నిలబెట్టినట్టుంటుంది.

అవతల ఉన్నది తెలియని స్త్రీ అయితే లెక్క వేరు. మగవాళ్ళు ఇది కాస్త శ్రద్ధగా చదవండి. చెల్లెలనుకుని జడ లాగానని, భార్య అనుకుని చెయ్యి పట్టుకున్నానని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఆవిడకి మీ మనసులో ఏముందో తెలిసే దారి లేదు. రోజూ బస్సుల్లో కావాలని చెయ్యి వేసేవాళ్ళని చూసి చూసి ఉంటుంది, వాళ్ళు కూడా పట్టుబడితే "పొరపాటు" అనే అంటారు. కాబట్టి వెంటనే దూరం జరగండి, అందరికీ వినపడేలా "సారీ అమ్మా, మా చెల్లెలనుకున్నాను" అనండి, చెల్లెలు అక్కడే ఉంటే పిలవండి. ఆవిడ తిట్టినా వాదించొద్దు. "నేనేమైనా కావాలని చేశానా" అని గొంతు పెంచితే వ్యవహారం చేజారిపోతుంది. నవ్వు ఇక్కడ పనికిరాదు.

ఆడవాళ్ళకి దీనికి ఎదురు బాధ ఉంది. తెలిసినవాడనుకుని ఒక నవ్వు నవ్వితే, అతను దాన్ని పరిచయం కింద జమ కట్టేసుకుని రోజూ పలకరించడం. నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిని ఇందువల్లే రోడ్డు మీద ఎవరినీ చూడకుండా నడవడం అలవాటు చేసుకుంది. చుట్టాలు పొగరన్నారు. ఆవిడకి నేను చెప్పింది ఒకటే, రెండోసారి కనిపించినప్పుడే "మొన్న మిమ్మల్ని వేరేవాళ్ళనుకున్నానండీ" అని పొడిగా అనేయమని. మూడోసారికి వాయిదా వేస్తే చెప్పడం కష్టమవుతుంది.

పెట్రోల్ బంకు కేసులు వేరే తరగతి. నవ్వు వస్తుంది గానీ, హెల్మెట్ వచ్చాక ఇవి బాగా పెరిగాయని నా అనుమానం. భార్యని పక్కన దింపి భర్త లైన్లో నిలబడతాడు. పెట్రోలు పోయించుకుని వచ్చేది అదే నల్ల బండి, అదే హెల్మెట్, దాదాపు అదే పొట్ట. ఈవిడ ఫోన్ చూసుకుంటూ ఎక్కి కూర్చుని "పదండి" అంటుంది. ఒకావిడ అలా రోడ్డు మలుపు దాకా వెళ్ళింది. బండి నడుపుతున్న కుర్రాడు భయంతో బ్రేకు వేశాడు పాపం. అక్కడికి అది రెండు నిమిషాల సంగతి. కానీ ఆవిడ భర్త దాన్ని ప్రతి ఫంక్షన్లో, ప్రతి చుట్టం ముందు, కొత్త కొత్త హంగులు చేర్చి చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఫంక్షన్లు మానేసే దాకా వచ్చింది. నా దగ్గరికి వచ్చింది నిద్ర పట్టడం లేదని, బంకు సంగతి మూడో సిట్టింగులో గానీ బయటపడలేదు. తర్వాతి పెళ్ళిలో భర్త నోరు తెరిచేలోగా తనే చెప్పేసింది, ఉన్నది ఉన్నట్టు, ఆ కుర్రాడు ముఖం ఎలా పెట్టాడో అభినయించి మరీ. ఆ తర్వాత ఆయన చెప్పడానికి ఏం మిగల్లేదు. ఇంట్లో ఇలాంటి కథలు చెప్పే భర్తలూ, అన్నలూ, మరదళ్ళూ ఉంటే ఒక సరదా రెండుసార్లకి మించకుండా చూడండి.

ఇప్పుడు అవతలి వైపు. మిమ్మల్నే ఎవరో పొరబడితే? చాలామంది మొహమాటానికి పోయి ఒప్పేసుకుంటారు. "బాగున్నారా మాస్టారూ" అంటే "ఆ, బాగున్నాను" అనేస్తారు, ఎవరిని పిలిచాడో తెలియకుండానే. ఒకాయన ఇలా ఒప్పుకుని, పావుగంట తర్వాత అవతలి మనిషి కూతురి పెళ్ళికి ఇస్తానన్న చేబదులు గురించి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. మొదటి వాక్యంలోనే "మీరు ఎవరనుకుంటున్నారో, నేను ఫలానా" అనేస్తే అవతలి మనిషికీ మేలే. ఆలస్యమైన కొద్దీ ఇద్దరికీ సిగ్గు.

దీనికి చుట్టం ఇంకోటుంది, పెళ్ళిళ్ళలో పరీక్ష పెట్టేవాళ్ళు. "నన్ను గుర్తుపట్టావా? ఎవరో చెప్పు చూద్దాం!" ఇరవై ఏళ్ళ క్రితం చిన్నపిల్లప్పుడు ఎత్తుకున్నారట. ఈ ప్రశ్న అడిగేవాళ్ళ మీద నాకు ఎప్పుడూ జాలి కలగదు. తెలియకపోతే తెలియదనే చెప్పండి: "ముఖం తెలుస్తోందండీ, పేరే అందడం లేదు, మీరే చెప్పాలి." ఊహించి చెప్పొద్దు. గుర్తుపట్టలేదంటే ఒక నిష్ఠూరం, తప్పు పేరు చెబితే రెండు.

ఈ మొహమాటాన్నే మోసగాళ్ళు వాడుకుంటున్నారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి ఉంచండి. రోడ్డు మీద "ఏం అంకుల్, మర్చిపోయారా, మీ అబ్బాయి ఫ్రెండ్‌ని" అంటూ కాళ్ళకి దణ్ణం పెట్టి, అర్జెంటు అవసరమని డబ్బు అడగడం, లేదా మెళ్ళో గొలుసు జాగ్రత్త చేస్తానని తీయించడం పాత పద్ధతి. ఫోన్లో "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అనడం కొత్త పద్ధతి. మనం ఒక పేరు చెబుతాం, అవతలివాడు "ఆ, వాణ్ణే" అంటాడు. పేరు మనమే అందించామని తర్వాతెప్పటికో గానీ తట్టదు. పేరు ఎప్పుడూ అవతలివాళ్ళ నోటి నుంచే రావాలి. తెలిసిన గొంతే అనిపించినా పెట్టేసి, మన ఫోన్లో ఉన్న నంబరుకి మనమే చెయ్యాలి.

మళ్ళీ మీ సంగతికి. రాత్రిళ్ళు అది గుర్తొచ్చి ఒళ్ళు ముడుచుకుపోతోందని రాశారు. ప్లాట్‌ఫాం మీద అందరూ చూశారని కూడా. అందరూ చూడలేదు. 2000లో గిలోవిచ్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు అమెరికాలో విద్యార్థులకి ఒక గాయకుడి బొమ్మ ఉన్న ఇబ్బందికరమైన టీషర్టు వేసి, కొంతమంది కూర్చున్న గదిలోకి పంపారు. టీషర్టు మీద ఎవరున్నారో ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే, వేసుకున్నవాళ్ళు దాదాపు సగం మంది అన్నారు. గమనించింది పావు వంతు. అది కొద్దిమందే కూర్చున్న గది. మీది గుంటూరు బస్సు ఎక్కడానికి జనం కర్చీఫులు వేసుకుంటున్న ప్లాట్‌ఫాం. అక్కడ మిమ్మల్ని చూసింది ఆయన, ఆయన భార్య. ఆవిడ నవ్విందంటే నా లెక్కలో మంచిదే. బెదిరిపోయినవాళ్ళు నవ్వరు. ఇంటికెళ్ళి "మీకు బావమరిది దొరికాడు" అని ఆయన్ని ఒకసారి ఏడిపించి ఉంటుంది.

బస్సు మారడం మాత్రం నాకు నచ్చలేదు. తప్పించుకున్న ప్రతిసారీ "హమ్మయ్య" అనిపిస్తుంది. ఆ హమ్మయ్యే మర్నాడు ఇంకాస్త భయాన్ని తెస్తుంది. ఎందుకంటే ఎదురుపడితే ఏమయ్యేదో తెలుసుకునే అవకాశం మీకు రాలేదు, ఊహలో అది పెరుగుతూ పోతుంది. ఇవాళ బస్సు, రేపు ఆ ప్లాట్‌ఫాం, తర్వాత పెళ్ళిలో ఎవరినీ ముందుగా పలకరించకపోవడం. ఆ వరసలో బాగా దూరం వెళ్ళినవాళ్ళని చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆయనకి మీరు గుర్తే లేకపోవచ్చు. అప్పుడు "ఎప్పుడండీ?" అంటాడు. అది కూడా మీరు వినాల్సిన జవాబే. ఆయన కోసం వెతుక్కుంటూ మాత్రం వెళ్ళొద్దు. కనిపిస్తే చెప్పండి, కనిపించకపోతే మీ బస్సు మీరు ఎక్కండి.

ఈ ప్రశ్న చదివేవాళ్ళలో కొంతమందికి వేరే కారణం ఉండొచ్చు, వాళ్ళ కోసం రెండు మాటలు.

ఇంట్లో ఎవరైనా పోయిన తర్వాత కొన్ని నెలల పాటు, ఒక్కోసారి ఏళ్ళ పాటు, వీధిలో వాళ్ళు కనిపించినట్టు అవుతుంది. భర్త పోయిన ఒకావిడ, రోడ్డు మీద పాత స్కూటర్ వెళ్తుంటే వెనక కాలర్ చూసి ఆటోని దాని వెంట పోనివ్వమంది. సిగ్నల్ దగ్గర ముఖం చూశాక గానీ ఆగలేదు. పిల్లలకి చెబితే డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. అది పిచ్చి కాదు. పైన చెప్పిన ఎదురుచూపే, కాకపోతే ఆ మనిషి రాడని బుద్ధికి తెలిసినా కళ్ళు ఇంకా మానుకోలేదు. చాలామందికి జరుగుతుంది, సిగ్గుతో చెప్పుకోరు. మందు అక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా ఆవిడ చెప్పింది కాసేపు వింటే చాలు. ఆయనే బతికి వచ్చాడని గట్టిగా నమ్మి, ఆ నమ్మకంతో పనులు చేస్తుంటే మాత్రం చూపించాలి.

రెండోది కొత్తకోడళ్ళ సంగతి. ఒక అమ్మాయి పెళ్ళయిన ఏడాది దాకా అత్తవారి చుట్టాలని గుర్తుపట్టలేక, ఆడపడుచునే బయట చూసి పలకరించకుండా వెళ్ళిపోయింది. ఇంట్లో పెద్ద గొడవ. మాట్లాడితే తెలిసిందేంటంటే, చిన్నప్పటి నుంచీ అంతే. స్కూల్లో స్నేహితుల్ని జడలతో, బ్యాగులతో గుర్తుపట్టేది, యూనిఫాం అందరికీ ఒకటే కాబట్టి. అత్తగారిని గొంతుతో, గాజుల చప్పుడుతో పట్టేది. పరీక్షలు పెట్టి చూస్తే ముఖాలు గుర్తుపట్టే శక్తి పుట్టుకతోనే తక్కువని తేలింది. దీన్ని ప్రొసోపగ్నోసియా అంటారు. 1947లో బోడామర్ అనే జర్మన్ డాక్టరు మెదడుకి దెబ్బ తగిలిన రోగుల్లో దీన్ని గమనించి ఆ పేరు పెట్టాడు. పుట్టుకతో వచ్చేది జనాభాలో రెండు శాతం దాకా ఉండొచ్చని అంచనా. తెలివికీ దీనికీ సంబంధం లేదు. పేరున్న న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్‌కే ఇది ఉండేది. ఎదురొచ్చిన గడ్డపు మనిషికి సారీ చెప్పి, అది అద్దంలో తన ముఖమేనని తర్వాత తెలుసుకున్నానని ఆయనే రాసుకున్నాడు. ఆ అమ్మాయికి మందేమీ ఇవ్వలేదు, దీనికి మందు లేదు. అత్తవారిని కూర్చోబెట్టి విషయం చెప్పాం. ఇప్పుడు ఫంక్షన్లలో భర్త పక్కనుండి "పెద్దమ్మ వస్తోంది" అని చెవిలో చెబుతాడు. ఆడపడుచు ఎదురైతే ఆడపడుచే ముందు తన పేరు చెప్పి పలకరిస్తుంది.

ఇక డాక్టరుకి ఎప్పుడు చూపించాలి? ఇది కాస్త సూటిగా చెబుతాను. నిన్నటిదాకా బాగుండి అకస్మాత్తుగా తెలిసిన ముఖాలు తెలియకపోతే, లేదా రోడ్డు మీద అందరూ తెలిసినవాళ్ళలాగే కనిపిస్తుంటే ఆలస్యం చెయ్యొద్దు. దాంతోపాటు మాట తడబడటం, ఒక వైపు చూపు తగ్గడం, చెయ్యి బలహీనపడటం ఉంటే అది పక్షవాతం కావచ్చు, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి. పెద్దవాళ్ళు సొంత పిల్లల్నే ఇంకొకరనుకోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే అడగడం మొదలుపెడితే న్యూరాలజిస్టుకి చూపించాలి. వేరువేరు మనుషులంతా వేషం మార్చుకుని వస్తున్న ఒకే మనిషని నమ్మినా, ఇంట్లో ఉన్న మనిషి అసలువాడు కాదన్నా సైకియాట్రిస్టుకి చూపించాలి. ఇలాంటివేవీ లేకుండా, పొరబడతానేమో అన్న భయంతోనే బయటికి వెళ్ళడం తగ్గిపోతుంటే దగ్గర్లోని సైకాలజిస్టుని కలవండి, లేదా ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అన్నిటికన్నా ముందు కళ్ళు. నా దగ్గరికి "నాన్నగారికి మతిమరుపు వచ్చింది, ఎవరిని పడితే వాళ్ళని మా అన్నయ్య అంటున్నారు" అని తీసుకొచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారికి మతిమరుపు ఏమీ లేదు. కంటి లోపలి పొర రెటీనా మధ్య భాగం దెబ్బతిని, ఎదుటి మనిషి తల అంచులు కనిపించి ముఖం ఉండాల్సిన చోట మసక కనిపించేది. ఆయన అంచుల్ని బట్టి ఊహించి పిలిచేవారు. షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. మీకు ముప్ఫై ఎనిమిది అన్నారు, అద్దాలున్నాయని, ఎండలో బరువని బస్సు ఎక్కేదాకా జేబులో పెట్టుకుంటానని కూడా రాశారు. అవి పెట్టుకోండి.